జొన్న రొట్టె, సద్ది, సకినాలు: పల్లె తిండిపై పాఠకుల ప్రశ్నలకు జవాబులు

సంక్రాంతికి ఊళ్లకు వెళ్లి తిరిగి వచ్చిన నగర పాఠకుల నుంచి ఈ నెల అందిన ఉత్తరాలలో ఎక్కువ భాగం పల్లె తిండికి సంబంధించినవే. వాటిలో ఆరింటిని ఎంచుకుని ఇక్కడ జవాబులు రాస్తున్నాను. నేను పుట్టి పెరిగినది జహీరాబాద్ వైపు నల్లరేగడి నేలల్లోని ఒక వ్యవసాయ గ్రామం. అత్తవారిది కరీంనగర్ వైపు. నలభై ఏళ్లుగా నివాసం హైదరాబాద్. అందువల్ల జొన్న సంగతులు పుట్టింటి నుంచి, సకినాల సంగతులు అత్తింటి నుంచి నాకు అబ్బాయి. కోస్తా, రాయలసీమ పల్లెల ఆచారాలు వేరు కనుక, ఈ జవాబులను తెలంగాణ పల్లెలకే పరిమితంగా చదువుకోవాలని మనవి.

ప్రశ్న: మా అత్తగారు నారాయణఖేడ్ వైపు ఊరి నుంచి వచ్చినప్పుడల్లా జొన్న రొట్టెలు చేస్తారు. ఆ రొట్టెలు పలుచగా, మెత్తగా ఉండి, సాయంత్రానికి కూడా విరగవు. నేను దుకాణంలో పొట్లం పిండి కొని చేస్తే, అంచులు పగిలి పెనం మీద వేసేలోపే ముక్కలవుతున్నాయి. "లోపం నీ చేతిలో లేదమ్మా, పిండిలో ఉంది" అని ఆమె అంటారు. నన్ను ఓదార్చడానికి అంటున్నారా, లేక నిజమేనా? కొంచెం గోధుమ పిండి కలుపుకోమని ఇరుగుపొరుగువారు చెబుతున్నారు.
(నిజాంపేట నుంచి ఒక పాఠకురాలు)

జవాబు: మీ అత్తగారి మాటలో ముప్పావు వంతు నిజం ఉందమ్మా. మిగిలిన పావు వంతు వేడినీళ్లకు సంబంధించినది.

గోధుమ పిండిని తడిపి పిసికితే సాగే గుణం వస్తుంది. జొన్న పిండికి ఆ గుణం లేదు. చన్నీళ్లు పోసి ఎంతసేపు పిసికినా అది తడి ఇసుకలాగే ఉండి, తట్టబోతే విడిపోతుంది. మరుగుతున్న నీళ్లు పోసినప్పుడు మాత్రం పిండిలోని గంజి కొంత ఉడికి, జిగురుగా మారి, పిండి రేణువులను పట్టి ఉంచుతుంది. అందుచేత ఒక గిన్నె పిండికి ముప్పావు గిన్నె నుంచి గిన్నెడు దాకా మసిలే నీళ్లు పోసి, ముందు గరిటెతో కలిపి, చెయ్యి పట్టగలిగేంత వేడి ఉండగానే పిసకడం మొదలుపెట్టాలి. నాలుగు రొట్టెల పిండిని ఒకేసారి కలిపి పక్కన పెట్టుకోవడం చాలామంది చేసే పొరపాటు. ఒక్కో రొట్టెకు సరిపడా ముద్దను విడిగా తీసుకుని, అరచేతి మొదలుతో పీటకేసి నాలుగైదు నిమిషాలు రుద్ది, పగుళ్లు లేకుండా గుండ్రంగా చేసి, అడుగున పొడి పిండి చల్లి తట్టాలి. పొడి పిండి ఉన్న వైపు పైకి వచ్చేలా పెనం మీద వేసి, వెంటనే చేతితో గానీ తడిగుడ్డతో గానీ ఆ పిండి అంతా తడిసేలా నీళ్లు రాయాలి. ఆ తడి ఆరీ ఆరకముందే తిరగవేయాలి. పూర్తిగా ఆరిపోతే అక్కడే పగులు మొదలవుతుంది.

ఇక పిండి విషయం. జొన్న గింజ అంకురంలో నూనె ఉంటుంది. గింజగా ఉన్నంతకాలం ఆ నూనె భద్రంగానే ఉంటుంది గానీ, పిండి పట్టిన తరువాత గాలి తగిలి కొన్ని వారాల్లోనే కమరు వాసన, చిరుచేదు వస్తాయి. రొట్టెకు వచ్చే పట్టు కూడా తగ్గుతుంది. మా పుట్టింట్లో ఇసుర్రాయి దగ్గర అమ్మ, మేనత్త తెల్లవారుజామున ఎదురెదురుగా కూర్చుని ఏ రోజు పిండిని ఆ రోజే విసిరేవారు. ఇంతటి కష్టం ప్రతిరోజూ ఎందుకని చిన్నతనంలో నాకు అనిపించేది. ఒకసారి పెళ్లిపనుల తొందరలో పది రోజులకు సరిపడా పిండిని ముందే విసిరి పెట్టుకున్నప్పుడు, చివరి రోజుల రొట్టెలను మా తాత పక్కకు నెట్టేయడంతో నాకు సంగతి అర్థమైంది. మీరు పొట్లం పిండి మానేసి, జొన్నలు కొని, వారానికి సరిపడా మాత్రమే దగ్గరలోని గిర్నిలో పట్టించుకోండి. జొన్న పట్టే ముందు గిర్నిలో ఏ ధాన్యం పట్టారో కూడా అడగండి, ఎందుకంటే ముందు పట్టిన బియ్యం పిండో గోధుమ పిండో కొంత మీ పిండిలో కలిసి వస్తుంది.

జొన్నల్లోనూ రొట్టెకు పేరుపొందినవి మాగి జొన్నలు. వానకాలం పంట వెన్ను మీద ఉండగా ముసురు పడితే గింజ నల్లబడి బూజు పడుతుంది. మాగి జొన్నను వానలు వెనకబట్టే రోజుల్లో విత్తి, రేగడి నేల తాగి దాచుకున్న తేమతోనూ మంచుతోనూ పండించుకుంటారు కనుక, గింజ తెల్లగా, నిగనిగలాడుతూ, పిండి తియ్యగా ఉంటుంది. పచ్చజొన్న గట్కకూ అంబలికీ ఎంతో బాగుంటుంది గానీ, మొదటిసారి రొట్టె నేర్చుకునేవారికి మాగి జొన్నే అనువైనది.

గోధుమ పిండి కలపడం నాకు సమ్మతం కాదు. రొట్టె విరగదు, నిజమే. కానీ అది జొన్న రొట్టెగా ఉండదు, చపాతీగానూ ఉండదు. దానికి బదులు ఒక సాయంత్రం మన నగరంలోనే కాలిబాటల పక్కన పొయ్యి పెట్టుకుని జొన్న రొట్టెలు అమ్ముకునే ఆడవారి దగ్గర పావుగంట నిలబడి వారి చేతులను గమనించండి. నీళ్లు ఎప్పుడు పోస్తున్నారో, ఎప్పుడు తిరగవేస్తున్నారో చూస్తే, నేను ఇంతసేపు రాసినదంతా మీకు ఒక్క రొట్టెలో తెలిసిపోతుంది. ఆ రొట్టెను పుంటికూర పప్పుతోనో, వెల్లిగడ్డ కారంతోనో, ఈ చలికాలంలో అయితే అనపగింజల కూరతోనో తిని చూడండి.

ప్రశ్న: బతుకమ్మనాడు మా ఇంట్లో మలీద ముద్దలు చేస్తాం. మా పక్కింటి ముస్లిం కుటుంబం వారూ మలీద చేసి మాకు పంపుతారు. ఇది ఎవరి వంటకం?
(మలక్‌పేట నుంచి ఒక పాఠకుడు)

జవాబు: మాట పారసీ భాషది, ఆ భాషలో దానికి "నలిపినది" అని అర్థం. రొట్టెను వేడిగా ఉండగానే చేతులతో నలిపి, బెల్లం, నెయ్యి కలిపి ముద్ద చేయడమే వంటకమంతా కనుక, పేరు సరిగ్గా సరిపోయింది. మా ఊళ్లో పీర్ల పండుగకు పీరీల ముందు మలీద సమర్పించిన ఇళ్లలో సగానికి పైగా హిందువుల ఇళ్లే. ఆ చేతులే సద్దుల బతుకమ్మనాడు చెరువు గట్టు మీద మలీద పంచేవి. రొట్టె, బెల్లం, నెయ్యి ఏ రైతు ఇంట్లోనైనా ఉండే వస్తువులు. పొయ్యి మీద మళ్లీ ఏదీ ఉడికించనక్కరలేదు. చేతిలో పట్టుకుని గట్టు దాకా తీసుకుపోవచ్చు. కనుక అది రెండు ఇళ్లదీ. మీ పక్కింటివారికి ఈసారి మీరూ పంపండి.

ప్రశ్న: నేను బ్యాంకు ఉద్యోగం చేసి విరమించాను. మాది మెదక్ ప్రాంతంలోని వ్యవసాయ గ్రామం. నా బాల్యంలో ఊరంతా జొన్నలు, తైదలు (రాగులు), కొర్రలు పండించి తినేవారు. బియ్యం అన్నం పండుగనాడే. ఇప్పుడు ఊళ్లో జొన్న చేను చూద్దామన్నా కనిపించదు. చౌక బియ్యం వల్లనే ఇలా జరిగిందని మా తరం వారు అంటారు. ఆనాటి తిండి వల్లనే పెద్దలు ఆరోగ్యంగా ఉండేవారని కూడా అంటారు. మీ అభిప్రాయం తెలుసుకోవాలని ఉంది.
(వనస్థలిపురం నుంచి ఒక పాఠకుడు)

జవాబు: మీ ప్రశ్నలో రెండు ప్రశ్నలు ఉన్నాయి. మొదటిదానికి సగం అవును అనీ, రెండోదానికి చాలావరకు కాదు అనీ చెప్పవలసి ఉంది. రెండో మాట మీకు కష్టంగా తోచవచ్చు. అయినా తెలిసినది తెలిసినట్టు రాయడమే ఈ శీర్షికకు న్యాయం.

1983లో ఎన్.టి.రామారావు ప్రభుత్వం కిలో రెండు రూపాయలకే బియ్యం ఇవ్వడం మొదలుపెట్టిన తరువాత, కూలి చేసుకునే ఇంటికి బియ్యం మొదటిసారి ప్రతిరోజూ అందే తిండి అయింది. అయితే మార్పు అంతకుముందే మొదలైంది. మంజీర మీద నిజాంసాగర్ 1931 నాటికే పూర్తయి నిజామాబాద్ వైపు పొలాలను మాగాణిగా మార్చింది. 1967లో నాగార్జునసాగర్ నీళ్లు నల్లగొండ, ఖమ్మం వైపు పారాయి. కాలువలు రాని ఊళ్లకు కరెంటు మోటార్లూ బోరుబావులూ వచ్చాయి. నీళ్లు వచ్చిన నేలలో రైతు వరి వేయకుండా జొన్న వేయడం జరిగే పని కాదు. వరికి మద్దతు ధర ఉంది, కొనేవారున్నారు. జొన్నకు గిట్టుబాటు అంగడి లేదు. 1986లో బాపట్ల నుంచి వచ్చిన సాంబ మసూరి వంటి సన్నరకాలు అన్నానికి కొత్త రుచిని అలవాటు చేశాయి. తిండి మారిందంటే నాలుక ఒక్కటే మారినట్టు కాదు. నీరు, ధర, విత్తనం, చౌక బియ్యం అన్నీ ఒకే దిక్కుకు నెట్టాయి.

వీటన్నిటికంటే నాకు పెద్దదిగా కనిపించే కారణం మరొకటి ఉంది. అది ఆడవారి వెన్నునొప్పి. కొర్రలను, సామలను దంచి పొట్టు తీయాలి, చెరగాలి, మళ్లీ దంచాలి. జొన్నను విసరాలి, రొట్టెను ఒక్కొక్కటిగా తట్టాలి. పది మంది ఉన్న ఇంట్లో ముప్పై రొట్టెలు తట్టి, ఆ తరువాత కలుపు తీయడానికి పొలానికి పోయిన మనిషికి, ఒక్క కుండలో ఎసరు పెట్టి గంజి వార్చితే ఇంటిల్లిపాదికీ సరిపోయే బియ్యం ఎంత ఊరటో మగవారి జ్ఞాపకాలలో కనబడదు. మా అమ్మ జొన్న రొట్టెను ఎంతో ప్రేమించింది. అయినా బియ్యం వచ్చాక ఇసుర్రాయిని పశువుల కొట్టంలోకి పంపించినది కూడా ఆమే. పిల్లల సంగతీ అంతే. వెన్ను పాలు పోసుకునే వేళ నుంచి కోతదాకా మంచె మీద కూర్చుని, వడిసెల తిప్పుతూ పిట్టలను తోలడం పిల్లల పని. ఆ పిల్లలు బడికి పోవడం మొదలయ్యాక చేనును పిట్టలకు వదిలేయలేక జొన్న మానేసిన రైతులు మా ఊళ్లోనే ఉన్నారు. బడిని తప్పుపట్టగలమా?

ఇప్పుడు ఆరోగ్యం మాట. తైదల్లో 100 గ్రాములకు సుమారు 350 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటే, తెల్ల బియ్యంలో 10 మిల్లీగ్రాములైనా ఉండదు. జొన్నలో మాంసకృత్తులు, పీచు బియ్యంలో కంటే ఎక్కువ. ఇవి నిజాలే. అయితే జొన్న ఒక్కటే తిని బతికిన పేదలకు పెల్లాగ్రా అనే జబ్బు వచ్చేదన్నది కూడా నిజమే. మెడ చుట్టూ, చేతుల మీద చర్మం నల్లగా మాడినట్టు అవుతుంది, విరేచనాలు పట్టుకుంటాయి, ముదిరితే మతి చెడుతుంది. 1958లో కూనూరు నుంచి హైదరాబాద్‌కు తరలివచ్చి తార్నాకలో స్థిరపడిన జాతీయ పోషకాహార సంస్థలో కొలుత్తూర్ గోపాలన్, ఆయన సహచరులు దీని మీదనే పరిశోధించారు. జొన్నలో ల్యూసిన్ అనే పదార్థం ఎక్కువగా ఉండటం ఒక కారణమని 1960లో ప్రతిపాదించారు. పప్పు, పాలు, ఆకుకూర, అప్పుడప్పుడు మాంసం తోడున్న ఇంట్లో జొన్న బలమైన తిండి. ఉప్పు, కారం మాత్రమే తోడున్న ఇంట్లో అదే జొన్న చాలని తిండి. మన చిన్నప్పుడు ఊళ్లో ఈ రెండు రకాల ఇళ్లూ ఉండేవి. మనం గుర్తుపెట్టుకున్నది మొదటి రకం ఇంటి వంట. రెండో రకం ఇంటివారు నూకల జావతోనూ పలుచని గట్కతోనూ ఎండాకాలం గడిపేవారు. జీతగాళ్లుగా ఉన్నవారి పిల్లలు మా కళ్లం చుట్టూ తిరుగుతూ రాలిన వెన్నులు ఏరుకునేవారు. కళ్లంలో కుప్ప నూర్చిన నాడు వడ్రంగి, కమ్మరి, కుమ్మరి, చాకలి, మంగలి ఇళ్లకు కొలిచి ఇచ్చే మేర ఆచారం ఉండేది. ఇప్పుడు దాన్ని ఎంతో గొప్పగా చెప్పుకుంటాం. మేర అందినవారికి అది ఆసరాయే. కానీ పంట పోయిన ఏడు ఆ కొలత ఎంతకు దిగేదో, ఎవరి గడప దగ్గర ఆగిపోయేదో కూడా చెప్పుకుంటేనే ఆ జ్ఞాపకం పూర్తవుతుంది.

నేను జొన్న వద్దంటున్నానని మాత్రం అనుకోవద్దు. పోయిన వాటిలో తిరిగి తెచ్చుకోదగినవి ఎన్నో ఉన్నాయి. జొన్న చేను ఎప్పుడూ ఒంటరిగా ఉండేది కాదు. మధ్యమధ్య కంది సాళ్లు, పెసలు, అనుములు ఉండేవి, గట్టున ఆముదం చెట్లుండేవి. ఒక పంట పోతే ఒకటి నిలిచేది, రొట్టెకు కావలసిన పప్పు ఆ చేనులోనే పండేది, చొప్ప ఎడ్లకు మేత అయ్యేది. జహీరాబాద్ దగ్గర పస్తాపూర్‌లో దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీతో కలిసి పనిచేసే సంఘాల మహిళలు, చాలావరకు దళిత మహిళలు, ఈ కలగలుపు సేద్యాన్ని దశాబ్దాలుగా నిలబెట్టారు. ఏటా సంక్రాంతి వేళ మొదలయ్యే వారి పాత పంటల జాతరలో ఎడ్లబండ్ల మీద విత్తనాల బుట్టలు ఊరి నుంచి ఊరికి తిరుగుతాయి. ఐక్యరాజ్యసమితి 2023ను చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటించడానికి ఎంతో ముందు నుంచే వారు ఆ పని చేస్తున్నారు. మీరు మెదక్ వైపు వెళ్లేవారే కనుక ఒక రోజు కలుపుకుని ఆ జాతర చూసి రండి. మీ ఊళ్లో ఒక్క ఎకరంలో జొన్న, కంది కలిపి వేసే రైతు దొరికితే, మీ అపార్ట్‌మెంట్‌లోని పది ఇళ్లు కలిసి ఆ పంట కొంటామని ముందే మాట ఇవ్వండి. జొన్న తిరిగి రావాలంటే కొనేవాడు ముందుండాలి.

ప్రశ్న: మా నాన్నగారికి ఎనభై ఏళ్లు. ఉదయం ఇడ్లీ పెడితే తినరు, రాత్రి అన్నంలో నీళ్లు పోసి పెట్టమంటారు. మా పిల్లలు అది పాచి అన్నమని ముఖం చిట్లిస్తున్నారు. పెట్టవచ్చునా?
(మూసాపేట నుంచి ఒక పాఠకురాలు)

జవాబు: నిరభ్యంతరంగా పెట్టండి, అయితే పెట్టే పద్ధతి తెలుసుకుని పెట్టండి. పెద్దల మాటను సద్ది మూటతో పోల్చిన జాతి మనది. ఆ మూట కట్టుకుని పొద్దున్నే పొలం పోయినవారికి మధ్యాహ్నం దాకా అదే ఆధారం.

అన్నం వండి అలాగే బయట వదిలేయడం వేరు, సద్ది పెట్టడం వేరు. మొదటిది ప్రమాదం, ఉడికిన అన్నం గది వేడిమిలో పొడిగా గంటల తరబడి ఉంటే వాంతులు, విరేచనాలు కలిగించే సూక్ష్మజీవులు అందులో పెరుగుతాయి. సద్దికి అన్నం చల్లారగానే మట్టికుండలోకి తీసి, మెతుకులు పూర్తిగా మునిగేలా కాచి చల్లార్చిన నీళ్లు పోసి, రెండు చెంచాల పుల్లటి మజ్జిగ కలిపి మూత పెట్టాలి. మజ్జిగ వేయడం వల్ల త్వరగా పులిసి, ఆ పులుపు చెడు చేసేవాటిని చాలావరకు అదుపులో పెడుతుంది. పొద్దున ఏడెనిమిది గంటల లోపు తినేయాలి. మిగిలినది మధ్యాహ్నానికి దాచకూడదు. ఏప్రిల్, మే నెలల్లో మన నగరంలో రాత్రిళ్లు కూడా వేడి తగ్గదు కనుక, ఆ రోజుల్లో పడుకోబోయే ముందు నీళ్లు పోసి, మూడు నాలుగు గంటల తరువాత ఫ్రిజ్‌లో పెట్టి, పొద్దున తీయండి. జిగటగా తీగ సాగినా, వాసన మారినా పారేయండి. మీ నాన్నగారికి మధుమేహం గానీ మూత్రపిండాల జబ్బు గానీ ఉంటే, ఎంత పెట్టాలో, ఉప్పు ఎంత వేయాలో వైద్యుడిని అడగండి.

పక్కన ఒక ఉల్లిగడ్డ, ఒక పచ్చిమిరపకాయ, వీలైతే మామిడికాయ తొక్కు పెట్టండి. పిల్లల సంగతి తొందరపడవద్దు. తాత పక్కన కూర్చోబెట్టి ఒక్క ముద్ద తినిపించమనండి.

ప్రశ్న: నేను బడిలో తెలుగు చెబుతాను. బతుకమ్మ తొమ్మిది రోజులకూ తొమ్మిది నైవేద్యాలెందుకని పిల్లలు అడిగారు. సరైన వరుస, వాటి వెనుక ఉన్న సంగతి చెప్పగలరా?
(అల్వాల్ నుంచి ఒక ఉపాధ్యాయిని)

జవాబు: వరుస ఊరూరికీ కొంత మారుతుంది, ఎక్కువ మంది పాటించేది చెబుతాను. భాద్రపద అమావాస్య, అంటే పెత్రమాసనాడు, ఎంగిలిపూల బతుకమ్మతో పండుగ మొదలవుతుంది. ఆనాడు నువ్వులు, బియ్యప్పిండి కలిపిన నైవేద్యం. రెండోనాడు అటుకుల బతుకమ్మ, మూడోనాడు ముద్దపప్పు బతుకమ్మ, నాలుగోనాడు నానబెట్టిన బియ్యంతో నానబియ్యం బతుకమ్మ, అయిదోనాడు అట్ల బతుకమ్మ. ఆరోనాడు అలిగిన బతుకమ్మ. ఆ రోజు నైవేద్యం ఉండదు, బతుకమ్మను పేర్చరు. ఏడోనాడు బియ్యప్పిండిని వేపకాయల ఆకారంలో చేసి నూనెలో వేయించే వేపకాయల బతుకమ్మ, ఎనిమిదోనాడు నువ్వులు, వెన్న, బెల్లంతో వెన్నముద్దల బతుకమ్మ, చివరగా సద్దుల బతుకమ్మ. ఆనాడు పెరుగన్నం, చింతపండు పులిహోర, నిమ్మకాయ పులిహోర, కొబ్బరన్నం, నువ్వులన్నం అని అయిదు సద్దులు కడతారు.

ఇందులో పిల్లలకు చెప్పదగిన ముఖ్యమైన సంగతి కాలానికి చెందినది. ఈ పండుగ వచ్చే వేళకు చెరువులు నిండి ఉంటాయి, తంగేడు, గునుగు విరగబూస్తాయి, వరి ఇంకా పొట్ట మీదో ఈత మీదో ఉంటుంది. కొత్త ధాన్యం ఇంటికి చేరని సమయం అది. చేతికి వచ్చినవి పెసలు, నువ్వులు, మక్కలు వంటి వానకాలపు చిన్న పంటలే. అందుకే తొమ్మిది రోజుల నైవేద్యాలలో పెద్ద పిండివంటలు కనిపించవు. అటుకులు, నానబియ్యం, ముద్దపప్పు వంటివి ఏ పేద ఇంట్లోనైనా గుప్పెడు దొరికే వస్తువులతో అయ్యేవి. సకినాలు, అరిసెలు కొత్త బియ్యం వచ్చే సంక్రాంతికి ఆగుతాయి. తొలి ఏకాదశికి జొన్నలు వేయించి చేసే పేలాలపిండి నుంచి మొదలుపెట్టి, నైవేద్యాలను ఏడాది పొడవునా నెలల వారీగా బోర్డు మీద రాయించండి. పక్కనే ఆ నెల చేనులో ఏ పని జరుగుతుందో రాయించండి. రెండింటి పొత్తు పిల్లలే పట్టుకుంటారు. 2014లో రాష్ట్ర పండుగగా ప్రకటించిన తరువాత ట్యాంక్‌బండ్ మీద ఎంత వైభవంగా జరిగినా, ఈ పొత్తును చెప్పగలిగినది బడే.

ప్రశ్న: మా నానమ్మ పెద్దపల్లి దగ్గర ఊళ్లో ఉంటారు. "మానికెడు బియ్యానికి సోలెడు నువ్వులు" అని సకినాల లెక్క చెప్పారు. ఇవి గ్రాముల్లో ఎంత? ఈసారి కొంపల్లిలో మా ఇంట్లోనే చేయాలని ఉంది.
(కొంపల్లి నుంచి ఒక పాఠకురాలు)

జవాబు: పాత లెక్క ఇది: నాలుగు గిద్దెలు ఒక సోల, రెండు సోలలు ఒక తవ్వ, రెండు తవ్వలు ఒక మానిక, రెండు మానికలు ఒక అడ్డ, రెండు అడ్డలు ఒక కుంచం, నాలుగు కుంచాలు ఒక తూము, ఇరవై తూములు ఒక పుట్టి. కనుక మీ నానమ్మగారు చెప్పినది నాలుగు పాళ్ల బియ్యానికి ఒక పాలు నువ్వులు. ఇవి బరువులు కావు, కొలపాత్రలు. మెట్రిక్ తూకాలు రాకముందు ఒక్కో తాలూకాలో మానిక ఒక్కో పరిమాణంలో ఉండేది. అందువల్ల గ్రాములు వెతకవద్దు. ఒకే గిన్నెతో నాలుగు సార్లు బియ్యం, ఒకసారి నువ్వులు కొలుచుకుంటే నానమ్మగారి లెక్క చెక్కుచెదరకుండా వస్తుంది. వారి మానికనే చూడాలని ఉంటే, అందులో నిండా నీళ్లు పోసి, ఆ నీటిని కొలజాడీలోకి ఒంపి, ఎన్ని మిల్లీలీటర్లో రాసి పెట్టుకోండి.

బియ్యం కొత్తవై ఉండాలి. రాత్రి నానబెట్టి, పొద్దున నీళ్లు ఓడ్చి, తడి ఆరకముందే పిండి పట్టించి జల్లించాలి. నువ్వులు, వాము, ఉప్పు కలిపి, కొద్దికొద్దిగా నీళ్లు పోస్తూ, వేళ్ల మధ్య నుంచి తాడులా సాగేంత మెత్తగా తడపాలి. మా అత్తవారింట తెల్లని నూలుబట్ట పరిచి, మొదట పిండితో గౌరమ్మను చేసి పెట్టి, ఆ తరువాతే సకినం చుట్టేవారు. బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు కలిపి పిండిని మెలితిప్పుతూ మూడు నాలుగు చుట్లు చుట్టడం ఒక్క రోజులో రాదు. నాకు రెండు సంక్రాంతులు పట్టింది. మొదటి ఏడు నేను చుట్టినవాటిని అత్తమ్మ విడిగా వేయించి ఇంట్లోకి ఉంచారు, సరిగ్గా వచ్చినవి ఆడబిడ్డ అత్తవారింటికి వెళ్లాయి. ఒక్కరే కూర్చోవద్దు, మీ అంతస్తులోని నలుగురిని పిలవండి, ఇది అయిదారు చేతుల పని.

వేయించడం దగ్గర తొందరపడితే చేసినదంతా వృథా అవుతుంది. తడిగా ఉన్న సకినాన్ని నూనెలో వేస్తే విరిగిపోతుంది, నూనె చిందుతుంది కూడా. బట్ట కింది నుంచి చెయ్యి పెట్టి మెల్లగా ఎత్తినప్పుడు సకినం అంచు దానంతటదే బట్టను వదిలితే నూనెలోకి సిద్ధమైనట్టు; అంటుకుని ఉంటే మరో పావుగంట ఆగండి.